తలుపు మీద గొంగడి

18 ఫిబ్రవరి 1962, ఆదివారం

ముప్పయ్యేళ్ళు ఊరివాళ్ళ పిల్లల దస్తూరీ దిద్దిన చేయి ఇది. ఇక మిగిలిన సిరా నాకోసం ఖర్చు పెట్టుకుంటే అడిగేవాడు లేడు. ఈ పుస్తకం నా భార్య నిర్మలకు కూడా చదివి వినిపించను.

ఇవాళ ఐలేశం వచ్చాడు. నారాయణపేట మిషన్ బడిలో నా దగ్గర చదివాడు, లెక్కల్లో మొద్దు. ఇప్పుడు ఇస్త్రీ చొక్కా వేసుకుని మహబూబ్‌నగర్‌లో బీమా ఏజెంటు అయ్యాడు. ప్రాణాలకు కాదు, సామానుకు. ఇల్లు కాలినా, దొంగలు తాళం పగలగొట్టి ఎత్తుకుపోయినా కంపెనీ సొమ్ము ఇస్తుందట. మక్తల్ చుట్టుపక్కల పల్లెల్లో ఇలాంటి కాగితం తీసుకున్న మొదటి మనిషిని నేనేనట. పొగడ్త అని తెలుసు. అయినా సంతకం పెట్టాను.

రేడియో, కుట్టుమిషను, సైకిలు, కొత్త గడియారం రాయించాను. పుస్తకాల బీరువా కూడా రాయమంటే నవ్వాడు.

"పుస్తకాలు దొంగలు ముట్టరు సార్. ఇన్నేండ్లల్ల ఒక్కటన్న పోయిందా?"

పోలేదు. ఆ మాట నిజం కావడమే నాకు కోపం తెప్పించింది.

షరతులు చదివి చెప్పాడు. ఇల్లు విడిచిపెట్టి పోతే తాళం ఉండాలి. సామాను ఈ నాలుగు గోడల మధ్యే ఉండాలి, బయటికి తీసుకుపోయి పగలగొట్టుకుంటే వాళ్ళకు సంబంధం లేదు. దొంగతనం జరిగినా, ఊరికే ప్రయత్నం జరిగినా, వెంటనే ఠాణాకు, కంపెనీకి రాసి తెలపాలి. తెలపకపోతే తర్వాత ఏం పోయినా పైసా రాదు.

అంతలో గోడ అవతలి నుంచి మైసయ్య తల ఎత్తాడు. నా తమ్ముడు. నాతో కాదు, ఐలేశంతో మాట్లాడాడు.

"ఓ పిలగా, నా ఎద్దులకు గూడ రాస్తవా?"

"ఎద్దులకు లేదు పెద్దయ్యా. ప్రాణమున్న దాన్ని మా కంపెనీ రాయదు."

"అవు మల్ల. ప్రాణం లేనిది పోతే ఏడ్సెటోళ్ళు మస్తుగున్నరు."

నన్నే అన్నాడు. పధ్నాలుగేళ్ళుగా మా ఇద్దరికీ నేరుగా మాటల్లేవు. రజాకార్ల గడబిడలో ఊరు విడిచిపోతూ నా సామానంతా వాడింట్లో పెట్టిపోయాను. తిరిగొచ్చేసరికి చెంబు, తపేలా, మంచం అన్నీ ఉన్నాయి, మిషన్ దొరసాని ఇచ్చిన గోడ గడియారం మాత్రం లేదు. "పోయింది" అన్నాడు. ఎట్లా పోయిందంటే, మళ్ళీ "పోయింది" అన్నాడు. అంతే. బడి ముఖం చూడని మనిషికి గడియారంతో ఏం పనో నాకు ఇప్పటికీ అర్థం కాదు. డప్పు కొట్టుకునేవాడికి టైము ఎందుకు?

21 ఫిబ్రవరి

కొత్త అలీగఢ్ తాళం. లాగి చూశాను. గట్టిగానే పడుతోంది.

22 ఫిబ్రవరి

మళ్ళీ లాగి చూశాను.

1 మార్చి

బీమా చేయిస్తే మనసు నిమ్మళంగా ఉంటుందన్నాడు ఐలేశం. అబద్ధం. ఇదివరకు రేడియో ఒక రేడియోలా ఉండేది. ఇప్పుడు దాన్ని చూస్తే, అది లేని బల్ల కనిపిస్తోంది. బావికి పోయినా, పెరట్లోకి పోయినా తాళం వేస్తున్నాను. ఇంట్లో నిర్మల ఉండగానే వేసి పోతున్నాను. మంచంలో ఉన్న మనిషిని ఇంట్లో మనిషిగా లెక్క వేస్తారా వేయరా అని ఐలేశాన్ని అడగడం మరిచిపోయాను.

నిర్మలకు ఎడమవైపు పడిపోయి రెండేళ్ళయింది. నాలుక మాత్రం కుడిఎడమలు లేకుండా పనిచేస్తుంది.

"ఏం పంతులూ, బీమా చేసింది రేడియోకా, నీకు పట్టిన దయ్యానికా?"

"నీకోసమే కదా ఆ రేడియో. అది పోతే పగలంతా ఏం వింటవు?"

"నీ సణుగుడు వింట. అదైతే బ్యాటరీ లేకుండ మోగుతది."

నవ్వించాలనే అంటుంది. నాకు నవ్వు రాలేదు. మిషను వాళ్ళు బడి నుంచి పంపేటప్పుడు ఇచ్చిన సొమ్మంతా ఆ రేడియో పెట్టెకే పోయింది. ఇంకోసారి కొనే శక్తి నాకు లేదు. అది పోతే ఈ గది ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో నిర్మలకు తెలియదు. నాకు తెలుసు.

9 మార్చి

పశువులకు పెద్దరోగం వచ్చింది. నోట్లో పుండ్లు, కళ్ళ నీళ్ళు, పారుడు. పట్టిన నాలుగైదు రోజుల్లో పడిపోతున్నాయి. గొల్లవాడలో పాడిబర్రెలు పోయాయట. టీకాలు వేయించండి, మక్తల్‌కు మనిషిని పంపండి అని పటేలుకు చెప్పి వచ్చాను. పంపాం సారు, డాక్టరు వేరే ఊర్ల ఉన్నడట, అన్నాడు. వీళ్ళు పంపి ఉండరు.

14 మార్చి

సాయంత్రం డప్పు. మైసయ్యే. ఈ వయసులో కూడా వాడి గొంతు వాగు దాటి వినిపిస్తుంది.

"ఊరోళ్ళందరు వినుండ్రహో! వొచ్చే బేస్తారం ఊరు వనం పోతాంది! పొద్దు పొడవకముందే పొయ్యిల అగ్గి ఆర్పాలె, తలుపులు బార్ల తెరవాలె! తాళం వెయ్యొద్దు, మనిషి మిగలొద్దు! పొద్దుగూకినంకనే ఇండ్లల్లకు రావాలె హో!"

మనుషులు లేని ఇళ్ళ నుంచి రోగం తెరిచిన తలుపుల గుండా నడిచి పోతుందట. ఒక్క తలుపు మూసి ఉన్నా అది అందులో దూరి కూచుంటుందట. మనుషులు తిరిగి రాగానే బయటపడి, దగ్గర్లో ఏ కొట్టం ఉంటే ఆ కొట్టంలోకి పోతుందట.

యుద్ధం జరుగుతున్నంతకాలం రోమనులు ఒక గుడి తలుపులు తెరిచే ఉంచేవాళ్ళని చదివాను. ప్రపంచాన్ని ఏలినవాళ్ళే అంత తెలివిగా ఉంటే మా ఊరిని ఏమనగలను?

తలుపు తెరిచి పెట్టి పోవడమంటే పాలసీని చింపి వాగులో పారేయడమే. రేడియోను బండిలో వేసుకుపోదామంటే నాలుగు గోడల షరతు అడ్డం. పైగా ఆ గతుకులకు లోపలి వాల్వులు ఒక్కటి మిగలదు. నేను పోను. నేను ప్రార్థనకు పోయేవాడిని, నాకీ వనాలతో పనిలేదు. అదే చెబుతాను.

15 మార్చి

నిర్మలకు చెప్పాను. పోనన్నాను.

"నేను పోత" అంది.

"నీకు నమ్మకముందా?"

"నమ్మకం గిమ్మకం కాదు. రెండేండ్ల సంది ఈ దూలమే చూసుకుంట పండుకున్న. యాడ చెద పట్టిందో, యాడ పట్టబోతదో గూడ నాకెరుక. ఒక్క దినం చెట్టు చూస్త. మైసయ్య బండి కడ్తడట, సాలమ్మ చెప్పింది."

సాలమ్మ మైసయ్య భార్య; మాకు మాటల్లేకపోయినా ఆమె నిర్మల కోసం వచ్చి పోతూనే ఉంటుంది.

"వాడి బండిలోనా?"

"నీ సైకిలు మీద ఎక్కిస్తవా మల్ల?"

21 మార్చి

రేపే. ఏం చేయాలో తోచలేదు. తాళానికి నూనె వేశాను.

22 మార్చి, గురువారం. రాత్రి రాస్తున్నాను

జరిగింది జరిగినట్టు రాయాలి. ముందుముందు పనికొస్తుంది.

చీకటి ఉండగానే మైసయ్య బండి తెచ్చాడు. గడ్డి పరిచి, దాని మీద బొంత వేసి, నిర్మలను పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నాడు. నా మీదుగా చూస్తూ పోయాడు తప్ప నా వైపు చూడలేదు. "వదినా, మెడ ఇట్ల పెట్టు. ఆఁ. ఎద్దులు మెల్లగ నడుస్తయి, ఫికర్ చెయ్యకు."

బండిని సాలమ్మకు అప్పజెప్పి, మైసయ్య డప్పు తీసుకుని ముందుకు పోయాడు. "మీరు నడవండి, పొయ్యిల నిప్పు ఆరిందో లేదో చూసొస్త" అన్నాను. ఆరే ఉంది. తలుపు దగ్గరికి వేసి తాళం బిగించాను. చప్పుడు కాకుండా ఉండాలని కండువా చుట్టి నొక్కాను. అయినా బండిలోంచి నిర్మల తల తిప్పింది.

వాగు అవతల చింతతోపులో ఊరంతా దిగింది. ఎవరి పొయ్యి వాళ్ళది, ఎవరి చెట్టు వాళ్ళది. మేకలు అందరివీ కలిసిపోయాయి. సాలమ్మ నిర్మలకు జొన్నరొట్టె తుంచి పెడుతూ ఉంటే గొల్ల ఆడవాళ్ళు చుట్టూ చేరారు.

"నిర్మలమ్మా, మీ సారు ఏందిట్ల ముండ్ల మీద కూసున్నట్టు కూసుండు?"

"ఇంట్ల ఇంకొక పెండ్లాం ఉన్నది ఆయనకు. పెట్టె లెక్కుంటది, పాటలు పాడ్తది. దాని మీద పాణం."

అందరూ నవ్వారు. నిర్మల ఎక్కువ నవ్వింది. తర్వాత చాలాసేపు వెల్లకిలా పడుకుని చింత కొమ్మలు చూస్తూ, "ఆకు ఇంత సన్నగ ఉంటదని మర్శిపోయిన" అంది, నాతో కాదు.

నేను జేబులో తాళంచెవిని పట్టుకుని కూచున్నాను. ఎవరు ఉన్నారు, ఎవరు లేరు అని చూస్తూనే ఉన్నాను. మధ్యాహ్నం డప్పులవాళ్ళు ఊరు చుట్టి, తలుపులన్నీ తెరిచి ఉన్నాయో లేదో చూసి రావడానికి పోయారు. మిగతావాళ్ళు తిరిగొచ్చారు. మైసయ్య రాలేదు. ఎంతోసేపటికి వచ్చాడు, వచ్చినవాడు నేరుగా ఎద్దుల దగ్గరికి పోయి వాటి మూతులు తుడుస్తూ కూచున్నాడు. భుజం మీద గొంగడి లేదు. పొద్దున ఉంది. నేను చూశాను.

పొద్దుగూకగానే అందరికంటే ముందు ఇంటికి వచ్చాను, దాదాపు పరుగే. నా తలుపు మీద నల్లగొంగడి పరదాలా వేలాడుతోంది, పైన చూరుకు దోపి, కింద గడప దాకా. మూలన ఎర్రదారం కుట్టు. మైసయ్యదే. సందేహం లేదు.

గొంగడి ఎత్తి చూస్తే వెనక తాళం అలాగే ఉంది. తాళం మీద గీతలున్నాయి. ఇదివరకు ఉన్నాయో లేదో గుర్తులేదు. ఉండకపోవచ్చు. లేవు.

గొంగడి చాటున నిలబడి తాళం విప్పాలని చూశాడు. వీధిలో పోయేవాడికి కనిపించకుండా. పధ్నాలుగేళ్ళ తర్వాత మళ్ళీ గడియారం కోసం వచ్చాడు. ఈసారి తాళం ఉంది, అంతే తేడా.

ఎవరూ చూడకముందే గొంగడి మడిచి లోపల పెట్టాను.

23 మార్చి

మక్తల్ ఠాణాకు ఒక అర్జీ, ఐలేశానికి ఒక ఉత్తరం. ప్రయత్నం జరిగినా తెలపాలని షరతు. ఎవరి మీదా అనుమానం రాయలేదు. గొంగడి దొరికిందని, మూలన ఎర్రదారం ఉందని మాత్రం రాశాను. అది ఎవరిదో కనుక్కోవడం వాళ్ళ పని. పగతో రాయలేదు. షరతు ప్రకారం రాశాను.

ఇంటికి తాళం వేసి ఉందని రాయక తప్పలేదు. అది చదివేది ఠాణావాళ్ళు, మా ఊరివాళ్ళు కాదు.

నిర్మల అడిగింది. "ఆ గొంగడి ఎవలది?"

"తెలుస్తది."

"తెలిసేదేముంది? ఆ ఎర్రదారం నా డబ్బాల నుంచే సాలమ్మ తీస్కపోయింది. వాపసు ఇచ్చెయ్."

ఇవ్వలేదు. అర్జీ పోస్టు డబ్బాలో పడింది.

24 మార్చి

గోడ అవతలి నుంచి మైసయ్య గొంతు: "వదినా, నా గొంగడి గాని కనవడ్డదా?"

నిర్మల నా వైపు చూసింది. నేను పుస్తకంలోకి చూశాను. చివరికి ఆమె, "తర్వాత చూస్త మైసయ్యా" అంది.

దొంగకు ఎంత ధైర్యం ఉండాలి, అలా అడగడానికి? ఈ ప్రశ్న సాయంత్రం దాకా వేసుకున్నాను. ఎంత ధైర్యం ఉన్నా, దొంగ అలా అడగడు అనే జవాబు మధ్యలో ఒకసారి వచ్చింది. దాన్ని పక్కన పెట్టాను.

26 మార్చి

మైసయ్య దాపటి ఎద్దు మేత ముట్టడం లేదట.

27 మార్చి

దాని కళ్ళ వెంట నీళ్ళు. గోడ మీదుగా కనిపిస్తోంది. సాలమ్మ పసుపునీళ్ళతో మూతి కడుగుతోంది. ఊళ్ళో మిగతా పశువులకు వనం తర్వాత తగ్గుముఖం పట్టిందంటున్నారు. మా వాడలో, ఈ ఒక్క కొట్టంలోనే.

సూక్ష్మజీవికి తాళంతో పనిలేదు. అది నీటి ద్వారా, మేత ద్వారా, ఒక పశువు నుంచి ఇంకో పశువుకు పోతుంది. తోపులో అన్నిటినీ ఒక్కచోట కట్టారు, అంతే కారణం.

సూక్ష్మజీవికి తాళంతో పనిలేదు.

29 మార్చి

చచ్చిపోయింది.

బావి దగ్గర మాట నడుస్తోంది. ఎవరో తలుపు మూశారు, ఎవరో మూయకపోతే మాదిగవాడలో రోగం ఎందుకు నిలిచింది, దొరికితే వాడి ఇంటికి నీళ్ళు బంద్, నిప్పు బంద్, పలకరింపు బంద్. నేను అక్కడ ఆగకుండా తిరిగి వచ్చాను. నాకు నీళ్ళు తోడి పోసేది సాలమ్మ. నిర్మలను లేపి కూచోబెట్టేది సాలమ్మ. ఆ రెండూ ఆగిపోతే ఎన్నాళ్ళు?

అర్జీ వెనక్కి తీసుకోవచ్చా అని రేపు మక్తల్ పోయి కనుక్కుంటే?

ఠాణావాళ్ళు రారులే. ఇంత చిన్న విషయానికి ఎప్పుడు వచ్చారు గనుక.

31 మార్చి

వచ్చారు.

పొద్దున్నే జమేదారు సైకిలు మీద వచ్చి చావడిలో కూచుని గొంగడి తెప్పించుకున్నాడు. అర్జీ విప్పి ఎర్రదారం గుర్తు ఒకటికి రెండుసార్లు చూశాడు. మిగతాది చదివే ఓపిక ఉన్నవాడిలా కనిపించలేదు. ఊరంతా మూగింది. విప్పి పట్టుకోగానే పిల్లలు కూడా చెప్పేశారు, మైసయ్య తాతదని. ఎద్దును పూడ్చి వచ్చిన మట్టి ఇంకా కాళ్ళకు ఉండగానే వాణ్ణి పిలిపించారు.

"నీదేనారా?"

"నాదే."

"సారు ఇంటి తలుపు మీద ఎందుకేసినవ్?"

"ఆరేసిన."

"ఎండకాలం గొంగడి ఏం తడిసిందిరా?"

"చెమటకు."

జనం నవ్వారు, డప్పులవాళ్ళు మాత్రం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. జమేదారు నవ్వలేదు. "ఊరంత వనంల ఉంటే నువ్వొక్కనివి సారు తలుపు కాడ గొంగడి ఆరేస్తున్నవా? నిజం చెప్తవా, మక్తల్‌ల చెప్పిస్తనా?"

"ఆరేసిన" అన్నాడు మళ్ళీ. "పోయింది" అన్నప్పటి గొంతే.

నేను స్తంభం పక్కన నిలబడ్డాను. తాళంచెవి జేబులో ఉంది. వాడు ఒక్కసారి కూడా నా వైపు చూడలేదు. చూస్తే బాగుండేది. ఇవాళ చావడిలోనే కూచోబెట్టి, రేపు పొద్దున మక్తల్ తీసుకుపోతారట. జమేదారు నన్ను అడిగాడు, "సారు, మీరేమన్న చెప్తరా?" షరతు ప్రకారం తెలిపాను, మిగతాది మీ దయ, అన్నాను.

సాయంత్రం సాలమ్మ వచ్చింది. లోపలికి రాలేదు, గడప అవతలే నిలబడింది.

"బావా, కడుపు నిండిందా?"

నేను లేచి గడప దాకా వచ్చాను.

"నువ్వు తాళమేసి పోయినవ్. డప్పులోళ్ళు తలుపులు చూసుకుంట మన గల్లీకి వస్తుంటే ఆయన ముంగల ఉరికి చూసి, నీ తాళం కనవడకుంట గొంగడి కట్టిండు. సారు తలుపు తెరిచే ఉన్నది, కుక్కలు జొరకుంట నేనే పరదా కట్టిన అని చెప్పిండు వాళ్ళకు. మల్ల ఎవడన్న వచ్చి ఎత్తి చూస్తడేమోనని ఆడనే కాపలా కూసుండు. కొట్టంల రోగం జొరవడ్తదని తెల్వదా ఆయనకు? తెలుసు. తెలిసే కట్టిండు."

"ఎందుకు?"

"నీకోసమనుకుంటున్నవా? నీ మొకానికా? ఊరోళ్ళు నీళ్ళు బంద్ వెడితే వదిన సస్తదని. నేనన్న, ఎద్దులు పోతయి గదయ్యా అని. ఎద్దులకన్న వదిన ఎక్కువ గాదా అన్నడు. ఇగ చూడు. ఎద్దు వాయె, ఆయన వాయె."

పోయింది. నిర్మల మంచం మీద నుంచి అంతా విన్నది. నేను రేడియో మీట తిప్పబోతే, "వద్దు" అంది.

"వార్తల టైము."

"వద్దన్న గద. నువ్వు తాళమేసిన చప్పుడు నేను విన్న పంతులూ. ఆ దినమే మైసయ్యకు చెప్పకపోతినా అని ఇప్పుడు ఏడుస్తున్న. రేపు నువ్వు చెప్తవా, నన్ను మంచంతోటి మోసుకపొమ్మని చెప్పాల్నా?"

"చెప్తే ఏమైతదో ఎరికెనా? నీళ్ళు ఎవరు పోస్తరు?"

"నీళ్ళు లేక సస్త. సిగ్గుతోటి బతికినదానికన్న నయం."

1 ఏప్రిల్, ఆదివారం

ప్రార్థనకు పోలేదు. చావడికి పోయాను.

తాళం, చెవి రెండూ అరుగు మీద పెట్టి, "నేనే తాళం వేసిన. మైసయ్య దొంగ కాదు. నన్ను దాచాలని గొంగడి కట్టిండు" అన్నాను. ముప్పయ్యేళ్ళు తరగతుల్లో అరిచిన గొంతు ముందు వరుసకు కూడా వినిపించలేదట. పటేలు, "ఏంది సారూ, మల్ల చెప్పు" అన్నాడు. మళ్ళీ చెప్పాను.

జమేదారు జేబులోంచి అర్జీ తీసి, చివరి దాకా మొదటిసారి చదివినట్టున్నాడు. ఎండలో పది మైళ్ళు సైకిలు తొక్కించినందుకు చదువుకున్నవాళ్ళ గురించి నాలుగు మాటలు అన్నాడు. అన్నీ నిజాలే. గొంగడి అరుగు మీద పడేసి వెళ్ళిపోయాడు.

బర్రెలు పోయిన గొల్ల ఐలయ్య లేచి నా వైపు రెండడుగులు వేశాడు. వాడు నన్ను కొడతాడనుకున్నాను. కొట్టలేదు, ముఖంలోకి చూసి, "మా బర్రెలు వనానికి ముందే వాయె సారూ, నీ లెక్కల అవి రావు" అన్నాడు. ఆ న్యాయం నాకు దెబ్బకంటే ఎక్కువ తగిలింది.

అందరికంటే ఎక్కువ మండిపడింది మైసయ్య.

"నిన్నెవడు చెప్పమన్నడు? ఇంత చదివినవు, నోరు మూసుకునుడు చదవలే? ఒక దినం లోపల ఉంటే నేను సస్తనా? ఇగ వదినకు నీళ్ళెవరు పోస్తరు?"

పధ్నాలుగేళ్ళ తర్వాత వాడు నాతో అన్న మొదటి మాటలు ఇవి.

"నీళ్ళు నేను పోస్త" అంది సాలమ్మ, గుంపు వెనక నుంచి. "ఎవడాపుతడో చూస్త."

పెద్దలు చాలాసేపు గుసగుసలాడారు. చివరికి పటేలు చెప్పాడు. ఎద్దు పోయింది మైసయ్యకు, ఆయన అడగనంటున్నడు గనుక దండుగ లేదు. ఆయమ్మ మంచంల ఉన్నది గనుక నీళ్ళు బంద్ లేదు. కాని తలుపు మూసినోని ఇంటికి తలుపు ఉండొద్దు. ఊడదీసి చావడిల పెట్టాలె. తొలకరి పడ్డంకనే వాపసు.

మధ్యాహ్నానికల్లా వడ్రంగి వచ్చి రెండు రెక్కలూ ఊడదీశాడు. చక్కగా, చీల ఒక్కటి వంగకుండా తీశాడు.

2 ఏప్రిల్

ఇల్లంతా నోరు తెరుచుకుని ఉంది. వీధిలో పోయే ప్రతివాడూ లోపలికి చూస్తున్నాడు. కోడి ఒకటి వచ్చి పుస్తకాల బీరువా కింద గుడ్డు పెట్టింది. రేడియో మీద దుప్పటి కప్పాను. దుప్పటి కప్పితే ఇంకా ఎక్కువ కనిపిస్తోంది.

నిర్మలకు ఇప్పుడు మంచం మీద నుంచి వీధి కనిపిస్తుంది. అవతలి ఇంటి ముందున్న వేపచెట్టు కూడా. చూస్తూనే ఉంది.

చీకటి పడగానే మైసయ్య గొంగడి తెచ్చుకుని గడపకు అడ్డంగా పడుకున్నాడు. నేనేమీ అనకముందే, "కుక్కలొస్తయి" అన్నాడు. నాకేసి తిరగకుండానే.

5 ఏప్రిల్

ఐలేశం వచ్చాడు. గుమ్మం ముందు నిలబడి తలుపు కోసం వెతికాడు పాపం, కొట్టడానికి.

"సార్, ఇదేంది?"

చెప్పాను. నవ్వు ఆపుకున్నాడు. ఆపుకోవడం వాడి ఉద్యోగంలో భాగం కావచ్చు.

"తలుపు లేని ఇంటికి పాలసీ నిలవదు సార్. తొలకరి పడ్డంక మల్ల రాయించుకుందురు."

"ప్రాణమున్న దాన్ని రాయరు, తలుపు లేని దాన్ని రాయరు. మరి మీ కంపెనీ దేనికి రాస్తదిరా?"

"ఏం కాదని గ్యారంటీ ఉన్నదానికి సార్."

లెక్కల్లో వీడు నేననుకున్నంత మొద్దు కాదు.

పోయేటప్పుడు వాడిని ఒక మాట అడిగాను, మహబూబ్‌నగర్‌లో పాత రేడియో ఎవరైనా కొంటారా అని. ఊరికే అడిగాను. నిర్మల విన్నది.

"అమ్ముతవా?"

"ఊరికె అడిగిన."

"ఒంటెద్దుతోటి దుక్కి కాదని అడిగినవా?"

"ఊరికె అడిగిన అన్న గద."

ఆమె దుప్పటి తీసి రేడియో పెట్టమంది. ఐదు రోజుల తర్వాత మొదటిసారి. గోధుమల ధర, జొన్నల ధర చెబుతున్నారు. గోడ అవతలి నుంచి మైసయ్య అరిచాడు, "జర పెద్దగ పెట్టు వదినా, ఎద్దుల ధర చెప్తరేమో!"

అది పరిహాసమో, నిజంగా వినాలనో తెలియలేదు. పెద్దగా పెట్టాను.

8 ఏప్రిల్, ఆదివారం

గడియారం సంగతి నేను మరిచిపోలేదు. ఇది రాసి పెట్టుకోవాలి. గొంగడి వేరు, గడియారం వేరు. రేపు అడుగుతాను. రేపు కాకపోతే తొలకరి లోపల.

పొద్దున ప్రార్థనకు పోదామని లేచాను. మైసయ్య ఇంకా గడప మీదే, తల మీదికి గొంగడి లాక్కుని పడుకున్నాడు. లేపకుండా దాటి బయటికి అడుగు పెట్టాను. గొంగడి లోపలి నుంచి గొంతు.

"దాటినవ్."

"అయితే?"

"అయితే ఏంది? మనిషిని దాటితే ఎదగడు. అవ్వ చెప్పలేదా? మల్ల ఎనుకకు దాటు."

"అరవై ఏళ్ళోనివి. ఇంక ఎక్కడికి ఎదుగుతవురా?"

"అది నీకెందుకు? ఎనుకకు దాటు."

వీధిలో ఇద్దరు ఆడవాళ్ళు కడవలతో ఆగి చూస్తున్నారు. లోపలి నుంచి నిర్మల చూస్తోంది. తలుపు లేని ఇంట్లో ఏదీ ఎవరికీ చాటు కాదు. ఇది అజ్ఞానమని, ఎముకల పెరుగుదల ఇరవై ఏళ్ళకే ఆగిపోతుందని చెప్పాలనుకున్నాను. గొంగడి అంచున ఎర్రదారం ఒకచోట తెగి వేలాడుతోంది. పోయిన నెల నేను మడిచి దాచినప్పుడు తెగిందేమో.

పంచె ఎత్తి పట్టుకుని, గోడ ఆసరాతో, వాణ్ణి తగలకుండా వెనక్కి దాటాను.